పొద్దున్న ఆరింటి బ్యాచ్

(యోగా ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కింద కూర్చున్నవాళ్లలో ఎవరికైనా కాళ్లు తిమ్మిరెక్కితే మొహమాటం లేకుండా చాపుకోండి. యోగా టీచర్ల మీటింగులో కాళ్లు చాపితే పరువు పోతుందని నడుం బిగబట్టి కూర్చునేవాళ్లని చాలామందిని చూశాను. (నవ్వులు) కుర్చీ కావాలన్నా వెనక ఉన్నాయి, తెచ్చుకోండి.

‘ఆధ్యాత్మిక మార్గం, కొత్త ఉపాధ్యాయుల తయారీ’ అని నాకు విషయం ఇచ్చారు. పెద్ద పేరే. నేను దీన్ని ఒక్క ప్రశ్నకి కుదించుకుంటాను: టీచరయ్యాక మన సాధన ఏమవుతుంది? నా దగ్గర శిక్షణ పూర్తి చేసుకుని వెళ్లినవాళ్లు ఏడాది తిరక్కుండానే వచ్చి ఒకే మాట చెబుతుంటారు. “మేడం, క్లాసులు బాగానే నడుస్తున్నాయి. నా ప్రాక్టీసే ఆగిపోయింది.” పొద్దున్న ఐదింటికో బ్యాచ్, ఆరింటికో బ్యాచ్, ఏడున్నరకి అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఆన్‌లైన్. ఇంటికొచ్చి టిఫిన్ తినేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. సాధన పోయి ఉద్యోగం మిగిలింది అంటారు.

వాళ్ల బాధ నిజమే. సొంత ప్రాక్టీసు మానేసిన టీచరు మూడో ఏడాదికల్లా క్యాసెట్టులా మాట్లాడతాడు, ఇది మీకూ తెలుసు. కాని క్లాసు ఒక ఖాతా, సాధన ఇంకో ఖాతా అని లెక్క రాస్తున్నారే, అక్కడే నాకు పేచీ. ఆరింటికి మీ ముందు చాప వేసుకుని కూర్చునే ఆ ఇరవై మందే మీ సాధన అంటాను నేను. ఈ మాట గాల్లోంచి చెప్పడం లేదు. మన రంగంలో ఒక పెద్దాయన జీవితాన్ని ముందు పెట్టుకుని చెబుతాను.

తిరుమలై కృష్ణమాచార్య. ఆయన పేరు విననివాళ్లు ఈ హాల్లో ఉండరు. ఆయన ఏం చదివాడో, ఎలా బతికాడో మాత్రం చాలామందికి తెలియదు. 1888లో కర్ణాటకలో చిత్రదుర్గం జిల్లాలో పుట్టాడు. మైసూరులో, కాశీలో సంస్కృతం, దర్శనాలు చదివాడు. తర్వాత హిమాలయాలు దాటి వెళ్లి రామమోహన బ్రహ్మచారి అనే గురువు దగ్గర ఏడున్నరేళ్లు ఉన్నానని చెప్పుకునేవాడు. అంత చదువుకున్నవాణ్ణి ఆ గురువు ఏం దక్షిణ అడిగాడట? సన్యాసం కాదు, మఠం కాదు. వెళ్లి పెళ్లి చేసుకో, పిల్లల్ని కను, యోగం నేర్పు అన్నాడట. మామూలుగా మనం గురుదక్షిణ అనగానే బొటనవేలు కోసివ్వడం లాంటిది ఊహిస్తాం. ఇక్కడ గురువు సంసారం అడిగాడు! (నవ్వులు) నవ్వుతున్నారు గాని, పెళ్లయినవాళ్లకి తెలుస్తుంది ఏది ఎక్కువ కష్టమో.

ఆ మాటకి కట్టుబడి ఆయన ఊరికొచ్చేశాడు. పండితుడిగా పెద్ద పదవులు వచ్చే మనిషి హసన్ జిల్లాలో కాఫీ తోటలో కూలీల మీద మేస్త్రీగా పని చేశాడు. యోగం నేర్చుకుంటామని వచ్చేవాడు లేడు, ఇల్లు గడవాలి. తర్వాత మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయార్ పిలిచి ఆదరిస్తే, 1933లో జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల మొదలైంది. అప్పటికి ఆయనకి నలభై నాలుగో నలభై అయిదో ఏళ్లు. మన పిల్లలు ఇరవై నాలుగేళ్లకే ‘యోగాచార్య’ అని బోర్డు పెడుతున్నారు, అది వేరే కథ.

ఇప్పుడు నాకు కావలసింది ఆయన శిష్యుల సంగతి. ఒకే మనిషి దగ్గర నేర్చుకున్నవాళ్లు నలుగురు నాలుగు దారులయ్యారు. పట్టాభి జోయిస్ పిల్లవాడిగా ఉండగా 1927లోనే ఆయన్ని చూసి వెంటపడ్డాడు. ఊపిరితో జోడించి ఒక ఆసనం నుంచి ఇంకో ఆసనానికి దూకే అష్టాంగ విన్యాస పద్ధతి జోయిస్ ద్వారా లోకానికి తెలిసింది. బి.కె.ఎస్. అయ్యంగార్ కృష్ణమాచార్యకి బావమరిది. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ వచ్చి ఎముకలగూడులా ఉండేవాడు. గురువు మొదట్లో ఆ కుర్రాణ్ణి లెక్కలోకే తీసుకోలేదు. ఇష్టమైన శిష్యుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు, ప్రదర్శన దగ్గరపడింది, అప్పుడు ఈ కుర్రాడి మీద పడింది పని. ముందస్తు తయారీ లేకుండా హనుమానాసనం, అదే ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ పూర్తిగా చాపి కూర్చునేది, వెయ్యమంటే తొడ వెనక కండరాలు చిరిగి చాలాకాలం సరిగ్గా నడవలేకపోయానని అయ్యంగారే చెప్పుకున్నాడు.

ఈ సంగతి నేను దాచను. మన దగ్గర గురువుల కథలు చెప్పేటప్పుడు వాళ్లు కొట్టినా తిట్టినా అది ప్రసాదం అంటాం. కృష్ణమాచార్య మైసూరు రోజుల్లో చాలా కఠినుడు. వీధిలో ఎదురైతే జనం పక్కకి తప్పుకునేవాళ్లట. నాకు ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే ఆయన అక్కడే ఆగిపోలేదు.

ఇంద్రా దేవి సంగతి చూడండి. రీగా నగరంలో పుట్టిన రష్యన్ మూలాల స్త్రీ, ఒక చెక్ దౌత్యాధికారి భార్య. 1937లో నేర్పమని వస్తే ఈయన కుదరదు పొమ్మన్నాడు. విదేశీ, పైగా ఆడమనిషి. మహారాజు చెప్పాడు కాబట్టి కాదనలేక, ఆహారం మీద, నిద్ర మీద అంత కట్టడి పెట్టాడు, దానంతటదే విరమించుకుంటుందిలే అని. ఆవిడ విరమించుకోలేదు. చివరికి భర్తకి షాంఘై బదిలీ అయితే, వద్దన్న గురువే నువ్వు వెళ్లి నేర్పాలి అన్నాడు. కూర్చోబెట్టి పాఠాలు చెప్పి రాయించాడు. ఆవిడ 1939లో షాంఘైలో, 1947లో హాలీవుడ్‌లో యోగా నేర్పింది. నూట రెండేళ్లు దాటి బతికి 2002లో అర్జెంటీనాలో పోయింది.

ఒక మనిషి ‘కాదు’ నుంచి ‘నువ్వే నేర్పాలి’ దాకా ఎలా వచ్చాడు? ఆయన ఏ శాస్త్రమూ కొత్తగా చదవలేదు. ఎదురుగా రోజూ ఒక శిష్యురాలు వచ్చి కూర్చుంది, అంతే. ఆవిడ ఆయన దగ్గర ఆసనాలు నేర్చుకుంది, ఆయన ఆవిడ వల్ల తన పట్టుదల ఒకటి వదిలేశాడు. ఎవరి సాధన ఎక్కువ జరిగిందో మీరే చెప్పండి.

1950లో యోగశాల మూతపడింది. స్వాతంత్ర్యం వచ్చాక రాజు పోషణ పోయింది. ఆయన మద్రాసు వచ్చేశాడు. అక్కడ నేర్పినవి గంతులు కావు. వచ్చిన మనిషి వయసు ఏమిటి, పని ఏమిటి, ఊపిరి ఎంత పొడుగు, నిద్ర పడుతోందా, ఇవన్నీ చూసి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పేవాడు. ఆ తరహా నేర్చుకున్నది కొడుకు దేశికాచార్. ఆయన ఇంజనీరు. ఉద్యోగంలో చేరబోతున్న సమయంలో ఒకరోజు ఇంటి ముందు కారు దిగిన ఒక న్యూజిలాండ్ మహిళ పరుగున వచ్చి వాళ్ల నాన్నని కౌగిలించుకుంది. ఆచారవంతులైన అయ్యంగార్ల ఇంటి ముందు! ఇదేమిటని అడిగితే, ఏళ్ల తరబడి పట్టని నిద్ర మందులు లేకుండా పట్టిందని కృతజ్ఞతట. ఇంగ్లీషు సరిగ్గా రాని నాన్న ఇంగ్లీషు తప్ప రాని మనిషికి నిద్ర ఎలా తెప్పించాడని కొడుక్కి తల తిరిగిపోయింది. ఉద్యోగం మానేసి నాన్న దగ్గర శిష్యుడిగా చేరాడు. నాన్న ఊరికే ఒప్పుకోలేదు, బాగా తెల్లవారుజామునే రమ్మని పరీక్ష పెట్టాడు. ఆ కొడుకే 1976లో చెన్నైలో కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించాడు.

మీరు ఎప్పుడైనా కొలత ఇవ్వకుండా పెళ్లికి జాకెట్టు కుట్టించుకున్నారా? లేదు కదా. వెన్నెముకకి మాత్రం ఎవరో యూట్యూబ్‌లో కొలిచినది తొడిగేసుకుంటాం.

ఇక్కడ నేను పెద్ద సమావేశాలని తీసిపారెయ్యడం లేదు. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం రోజు, విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షలమందికి పైగా ఒకేసారి యోగా చేశారు. మీలో చాలామంది ఆ రోజుల్లో వార్డు వార్డునా తిరిగి జనాన్ని తయారుచేసినవాళ్లే. నేను వెళ్లాను, ఒళ్లు పులకరించింది. అది పండగ. ఊరికి పండగ కావాలి. కాని పండగలో మైకు దగ్గరున్న మనిషికి ముఖాలు కనిపించవు. మిమ్మల్ని నేను తయారుచేస్తున్నది ముఖాలు కనిపించే దూరంలో పని చెయ్యడానికి.

సర్టిఫికెట్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. స్వామి శివానంద శిష్యుడు విష్ణుదేవానంద 1969లో నాలుగు వారాల ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టారు. 1999లో అమెరికాలో యోగా అలయన్స్ అని టీచర్లని నమోదు చేసుకునే సంస్థ పుట్టి రెండొందల గంటలని ఒక ప్రమాణం పెట్టింది. మన ఆయుష్ శాఖ వాళ్లు 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డు తెచ్చారు. ఇవన్నీ ఉండాలి. లేకపోతే నిన్న టీవీలో చూసి ఇవాళ శీర్షాసనం వేయించేవాళ్లని ఆపేదెవరు? కాని గంటల లెక్కలో పట్టనిది ఒకటుంది. దాన్నే మేము మా శిక్షణలో ముందు పెడతాం.

మొదటి వారం నేను మీ నోరు మూయిస్తాను. గుర్తుంది కదా? ఇద్దరిద్దర్ని జతకట్టి, ఒకరు తాడాసనంలో నిలబడి చేతులు పైకెత్తుతుంటే రెండోవాళ్లు చూసి రాయాలి, మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. తొలి రోజు కాగితాలన్నీ ఒకేలా ఉంటాయి: ‘ఎడమ మోచెయ్యి వంగింది’, ‘నడుం వెనక్కి వాలింది’. అన్నీ తప్పులే. ఊపిరి ఎక్కడ ఆగిందో ఎవరూ రాయరు. ముఖం సంగతి అసలే రాయరు.

మా ఆరింటి బ్యాచ్‌లో ఒకావిడ ఉంది. రిటైరైన మనిషి, మోకాళ్ల నొప్పులు. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని నిలబడుతుంది. చేతులు పైకెత్తమంటే చక్కగా ఎత్తుతుంది, పక్కవాళ్ల కంటే నిటారుగా. కింద చూడండి, కాలివేళ్లు చాపని పట్టుకుని ఉంటాయి, గోళ్లు తెల్లబడిపోయి. మెడలో నరం పైకి లేస్తుంది. పెదాలు బిగుసుకుంటాయి. చేతులు చెవుల దాకా వెళ్లకముందే ఊపిరి నిలిచిపోతుంది, తర్వాత పైకెళ్లేది మొండితనం మాత్రమే. ఆవిడ ఇంట్లో కూడా అలాగే పని చేస్తుందని చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను. ఊపిరి ఎంతవరకు వస్తే చెయ్యి అంతవరకే, ఊపిరి ఆగితే చెయ్యి ఆగాలి. భుజం ఎత్తు దగ్గరే ఆగిపోయేది. ఆవిడకి చిన్నతనం అనిపించింది, ‘నేను పైదాకా ఎత్తగలను మేడం’ అని వాదించింది. మోకాళ్ల నొప్పి పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ మెట్లు కమ్మీ పట్టుకునే ఎక్కుతుంది. ఊపిరి బిగబట్టకుండా ఎక్కుతుంది. నాకు అది చాలు.

అలసట అనేది కండరం కంటే ముందు ఊపిరిలో తెలుస్తుంది. పొట్టిదవుతుంది, గరుకవుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఇది కనిపెట్టడం నేర్చుకుంటే మీకు సగం చదువు వచ్చినట్టే.

సరే, అసలు సాధన దగ్గరికి వస్తాను. పతంజలి సూత్రాల్లో ఆసనం మీద ఉన్నవి మూడే సూత్రాలు. అందరికీ ‘స్థిర సుఖమాసనం’ నోటికొచ్చు. నేను టీచర్లకి కంఠస్థం చేయించేది మొదటి పాదంలో ముప్ఫై మూడోది. ‘మైత్రీ కరుణా ముదితోపేక్షాణాం సుఖ దుఃఖ పుణ్యాపుణ్య విషయాణాం భావనాతశ్చిత్త ప్రసాదనం.’ సుఖంగా ఉన్నవాళ్ల మీద స్నేహం, బాధలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లని చూసి సంతోషం, చెడ్డగా ఉన్నవాళ్ల విషయంలో ఉపేక్ష. ఇలా అలవాటు చేసుకుంటే మనసు తేటపడుతుంది అంటాడు. పతంజలి దీన్ని టీచర్ల కోసం రాయలేదు. కాని ఈ నలుగురూ టైము ప్రకారం వచ్చి వరసగా కూర్చునేది ఎక్కడండీ? గుహలో తపస్సు చేసుకునేవాడికి వీళ్లు దొరకరు. మన ఆరింటి బ్యాచ్‌లో దొరుకుతారు.

కరుణ మనకి తేలిగ్గానే వస్తుంది. నడుంనొప్పి అని వచ్చినవాణ్ణి చూస్తే జాలి వేస్తుంది, టీచరైన మనకి అందులో కొంచెం గొప్ప కూడా ఉంటుంది. కష్టమంతా ముదిత దగ్గర, అదే ఎదుటివాళ్ల మంచి చూసి సంతోషించడం దగ్గర. మీ క్లాసుకి ఇరవై ఏళ్ల అమ్మాయి వస్తుంది, కూచిపూడి నేర్చుకున్న పిల్ల. మీరు పదేళ్లుగా కిందామీదా పడుతున్న ఆసనం మొదటి రోజే నవ్వుతూ వేసేస్తుంది. అప్పుడు లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. ‘బాగుందమ్మా, కాని మడమ కొంచెం...’ అని ఏదో ఒకటి సరిదిద్దుతాం. ఆ మడమకి ఏ లోటూ లేదు! (నవ్వులు) నోరు తెరిచి ‘కాని’ అనబోయే ఆ క్షణంలో మిమ్మల్ని మీరు పట్టుకోగలిగితే, అది ఆ పూట మీ ధ్యానం. ఇంటికెళ్లి గంటసేపు కళ్లు మూసుకున్నా ఇంత పచ్చిగా దొరకదు.

ఇక ఉపేక్ష. ఫీజు ఎగ్గొట్టేవాడు, శవాసనంలో ఫోన్ ఎత్తేవాడు, వెనక చేరి మన మీద చాడీలు చెప్పేవాడు. వాళ్లని బాగుచెయ్యాలని దిగితే క్లాసు పోతుంది. ఫోన్ బయట పెట్టించండి, ఫీజు అడగండి, మనసులో మాత్రం ఇంటికి మోసుకెళ్లకండి.

అయితే ఈ ఉపేక్ష విద్యార్థి తప్పుల విషయంలోనే. టీచరు తప్పు దగ్గర ఉపేక్ష పనికిరాదు. ఈ మధ్య సంవత్సరాల్లో ప్రపంచంలో పేరుమోసిన యోగా గురువులు కొందరి మీద, ఆసనం సరిచేసే నెపంతో ఒంటి మీద చేతులు వేశారని శిష్యురాళ్లు బయటికొచ్చి చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి చూసీ మాట్లాడలేదు. గురువుని శంకించడం పాపం అనే భయం ఒకటి మనలో పాతుకుపోయింది. మా దగ్గర కట్టుబాటు ఒకటే: అడక్కుండా ముట్టుకోకూడదు, వద్దంటే కారణం అడక్కూడదు. మాటతో సరిచెయ్యలేనిది చేత్తో సరిచెయ్యాల్సిన అవసరం నూటికి ఒకసారి కూడా రాదు. మగ టీచర్లకే కాదు, ఆడవాళ్లకీ ఇదే.

అయ్యంగార్ విషయం మళ్లీ ఒకసారి ఎత్తుతాను. 1937లో పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి పుణే పంపించారు. శిష్యుల్లో కాస్త ఇంగ్లీషు వచ్చినవాడు అతనే. మరాఠీ రాదు, గురువు దగ్గర లేడు, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు వయసులో, చదువులో తనకంటే పెద్దవాళ్లు. ఏ ఆసనం ఎందుకు అలా వెయ్యాలో చెప్పేవాళ్లు లేక తన ఒంటి మీదే పరీక్షలు చేసుకున్నాడు. ఇటుకలు, కుర్చీలు, తాళ్లు, దొరికిందల్లా వాడాడు. ఇవాళ ముసలివాళ్లు కూడా కుర్చీ ఆసరాతో చేస్తున్నారంటే ఆ కష్టం ఫలితమే. గురువు దగ్గర దెబ్బతిన్నవాడే ఎదుటివాళ్ల ఒళ్లు దెబ్బతినకుండా ఆసరాలు కనిపెట్టాడు. గురువుని నకలు కొట్టి ఉంటే ఇది జరిగేది కాదు. నన్నూ నకలు కొట్టకండి. మీలో కొందరు నా దగ్గు కూడా నేర్చేసుకున్నారు. (నవ్వులు)

నేను ఇంతటితో ఆపుతాను. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒక మహిళ: ఓంకారం, ప్రార్థన వద్దనే విద్యార్థులు ఉంటారు మేడం. వేరే మతంవాళ్లు, దేవుణ్ణి నమ్మనివాళ్లు. వాళ్లకి ఎలా చెప్పాలి?)

మంచి ప్రశ్నమ్మా. కృష్ణమాచార్య పరమ వైష్ణవుడు, నామం లేకుండా బయటికి రాని మనిషి. ఆయనే ధ్యానం చెప్పేటప్పుడు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకో, దేవుడు కుదరకపోతే సూర్యుణ్ణి, అదీ కుదరకపోతే అమ్మానాన్నల్ని తలచుకో అనేవాడట. అంత ఆచారవంతుడికి లేని ఇబ్బంది మనకెందుకు? మా బ్యాచ్‌లో చర్చిలో పాటలు పాడే అమ్మాయి ఉంది. మేము ఓం అంటున్నప్పుడు ఆ పిల్ల మౌనంగా ఊపిరి వదులుతుంది. అందరికంటే పొడుగ్గా వదులుతుంది కూడా, పాటగత్తె కదా.

(ఒక యువకుడు: సర్టిఫికెట్ రాగానే సొంత సెంటర్ పెట్టొచ్చా? యోగాకి డబ్బు తీసుకోవడం తప్పని మా ఊళ్లో పెద్దవాళ్లు అంటున్నారు.)

ఆ పెద్దవాళ్లు నీ ఇంటి అద్దె కడతారేమో కనుక్కో బాబూ. (నవ్వులు) కృష్ణమాచార్యే కాఫీ తోటలో పని చేశాడని ఇందాకే చెప్పాను. డబ్బు తీసుకో, రసీదు ఇవ్వు, ఇవ్వలేనివాళ్లని అందరి ముందూ అడక్కు. సెంటర్ మాత్రం అప్పుడే వద్దు. అడ్వాన్సు కట్టి, అద్దాలు బిగించి, అప్పు చేసి మొదలుపెడితే నెల నెలా తలకాయలు లెక్కపెట్టుకోవడమే పనవుతుంది. ఇరవై మంది రావాల్సిన చోట నలభై మందిని కుక్కుతావు, ఇక ఎవరి ఊపిరి చూస్తావు? మీ వీధిలో కమ్యూనిటీ హాలుందా? ఉంటే పొద్దున్న గంటసేపు అడుగు. ఐదారుగురితో ఒక ఏడాది నడుపు. వాళ్లలో ఒకరు ఒకరోజు రాకపోతే ఎందుకు రాలేదో అడక్కుండానే ఊహించగలిగే స్థితికి వచ్చాక నా దగ్గరికి రా, అప్పుడు సెంటర్ సంగతి మాట్లాడదాం. వెనక వరసలో చెయ్యి ఎత్తింది ఎవరండీ? మైకు ఇవ్వండి వాళ్లకి.